గట్టుమీది చెట్టు, కొట్టములోని పశువు

విజయదశమినాటి సాయంకాలమున మన గ్రామములలో జనులు ఊరి వెలుపలనున్న జమ్మిచెట్టు కడకు పోవుట వాడుక. పాండవులు విరాటుని కొలువు చేరుటకు ముందు తమ యాయుధములను దాచినది జమ్మిచెట్టు మీదనే యని భారతకథ. తెలంగాణమున ఆ చెట్టు ఆకును బంగారమని పిలిచి పెద్దల చేతులలో నుంచి నమస్కరింతురు. ఆ రాష్ట్రము దానిని తన రాష్ట్రవృక్షముగ గూడ నెన్నుకొన్నది. ఇంత గౌరవము పొందిన జమ్మి, పండుగ మరునాడు మన చేని గట్టుమీద మొలచి కనబడినచో మనము చేయు పని యేమి? పైరుకు నీడ పట్టునని గొడ్డలి తెచ్చి మొదలంట నరకుదుము. ఊరి వెలుపలి యొక్క చెట్టునకు పూజయు, చేనిలోని పది చెట్లకు గొడ్డలియు! ఈ విపరీతమును గూర్చి మన పత్రికను చదువు విద్యార్థులతోను, వారి తల్లిదండ్రులతోను కొంచెము ముచ్చటింపవలెనని నా కోరిక.

నేను చెప్పదలచిన దొక్కటియే. మెట్టసేద్యమున చెట్టు, పశువు, పైరు అనునవి మూడు వేరు వ్యవహారములు గావు. అవి యొక్క కుటుంబము. అందొకదానిని వెడలగొట్టినచో తక్కిన రెండును చిక్కిపోవును. ఆ కుటుంబమును మరల గూర్చుటకు మనము చేయవలసిన మొదటి పని క్రొత్త మొక్కలు నాటుట గాదు. తమంతట మొలచుచున్నవానిని నరకకుండుట.

నేను రాయలసీమలోని యొక మెట్టగ్రామమున పుట్టినవాడను. మా తాతగారికి నాలుగెకరముల ఎర్రనేల యుండెడిది. గట్లమీద వేపలు, కానుగలు, రెండు తుమ్మలు; కొట్టములో నొక జత ఎద్దులు, ఒక ఆవు, అయిదారు మేకలు. వేసవిలో బీడు ఎండిపోయినపుడు తాతగారు దోటితో కొమ్మలు దించి మేకలకు వేసెడివారు. ఎండుపుల్లలు పొయ్యిలోనికి పోయెడివి. పేడ దిబ్బకు చేరెడిది. ఏరువాకకు ముందు దిబ్బయెరువు బండ్లమీద చేనికి పోయెడిది. ఇట్లు ఒకదాని మిగులు మరియొకదానికి అన్నమగుచుండెను.

ఒక సంవత్సరము వానలు లేక వేరుశనగ చేతికి రాలేదు. ఆ వేసవిలో గట్టుచెట్లన్నియు ఇటుకల బట్టీకి అమ్మబడెను. ఆ సొమ్ముతో అప్పు కొంత తీరినది. ఇంటిలోని పిల్లల బడిజీతములు కట్టబడినవి. ఆ పిల్లలలో నేనొకడను. తరువాత జరిగినది చెప్పెద వినుడు. రెండేండ్లలో మేత చాలక మేకలు సంతకు పోయినవి. పొయ్యికి పుల్లలు లేక పేడ పిడకలైనది. పిడకలు పెరిగిన కొలది దిబ్బ తరిగినది. దిబ్బ తరిగినందున ఎరువుబస్తాలు కొనవలసివచ్చెను. బస్తాలకు మరల నప్పు చేయవలసివచ్చెను. చెట్లనమ్మి వీధివాకిట వెళ్లగొట్టిన యప్పు పెరటివాకిట నింటికి వచ్చినది. మా తాతగారిని నేను తప్పుపట్టను. అప్పులవాడు గడపలో నిలుచున్నపుడు చెట్టును గూర్చి యోచించువా రెవ్వరు? కాని నా చదువునకు ఆ చెట్లు మూల్యమైనవను సంగతి నేను మరువలేను. ఈ వ్యాసము ఆ ఋణములో నొక చిన్న వాయిదా.

ఇది మా యింటి కథ మాత్రమే గాదు. 1889వ సంవత్సరమున హిందూదేశ వ్యవసాయమును పరిశీలించుటకు ఇంగ్లండునుండి జాన్ ఆగస్టస్ వోల్కర్ అను రసాయనశాస్త్రజ్ఞుడు పంపబడెను. ఆయన దేశమంతయు తిరిగి వ్రాసిన నివేదిక 1893లో ప్రకటింపబడెను. రైతు పేడను కాల్చుట అజ్ఞానముచేత గాదనియు, వేరు వంటచెరకు దొరకకపోవుటచేతనేయనియు, కావున గ్రామముల దాపున వంటచెరకునకును మేతకును చెట్లను పెంచుట వ్యవసాయమునకే మేలనియు ఆయన తెలిపెను. పేడ కాలినపుడు అందలి నత్రజని పొగతో గాలిలో కలిసిపోవును. నేలను గుల్లపరచి తేమను నిలుపు పదార్థము నశించును. బూడిదలో కొన్ని లవణములు మాత్రము మిగులును. అనగా పిడకతో వంట చేసిన యిల్లు రాబోవు పంటలో కొంత భాగమును పొయ్యిలో పెట్టినదన్నమాట. నేడనేక గృహములలో గ్యాసుపొయ్యి వెలిసినది. పిడకల యవసరము తగ్గినది. అయినను ట్రాక్టరు వచ్చి ఎద్దులు తగ్గినవి. మేత లేక ఆవులును తగ్గినవి. దిబ్బ మాత్రము మరల పెరుగలేదు.

చెట్టు చేనికి చేయు మేలు నీడయు కట్టెయు మాత్రమే గాదు. జమ్మి, తుమ్మ, కానుగ, అవిస, గ్లైరిసీడియా మొదలగునవి చిక్కుడు కుటుంబమునకు చెందినవి. వాని వేళ్ల బుడిపెలలో నివసించు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి చెట్టునకిచ్చును. ఆకు రాలి కుళ్లినపుడు అది నేలకు దక్కును. వేరుశనగ వేళ్లు అందుకొనలేని లోతులనుండి చెట్టు వేరు సారమును పైకి తెచ్చును. గట్టుమీద వరుసగా నిలిచిన చెట్లు వేసవిగాలికి అడ్డుపడి మట్టి ఎగిరిపోకుండ కాపాడును. అన్నిటికన్న ముఖ్యమైనది: వాన తప్పిన యేట పైరు చచ్చినను చెట్టు బ్రతికియుండును. అనంతపురము ప్రాంతమున ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియును. అదియును వేళకు రాదు. అట్టి నేలలో ఒక్క వేరుశనగనే నమ్ముకొనిన రైతు ఒక్క స్తంభముమీద ఇల్లు కట్టినవానివంటివాడు. గట్టుమీద చెట్టును, కొట్టములో నాలుగు మేకలును గలవానికి రెండవ స్తంభమును, మూడవ స్తంభమును గలవు.

మనకన్న వాన తక్కువగల రాజస్థానమున రైతులు ఇదే జమ్మి నెట్లు చూతురో తెలిసికొనదగును. అచ్చట దానిని ఖేజ్డీ యందురు. 1983లో ఆ రాష్ట్రము దానిని రాష్ట్రవృక్షముగ ప్రకటించెను. జోధపురము చుట్టుపట్ల సజ్జచేల నడుమ ఈ చెట్లు చెదురుమదురుగ నిలిచియుండును. దాని వేరు మిక్కిలి లోతునకు దిగునది గావున పైపొరలోని తేమకై సజ్జతో నంతగా పోట్లాడదు. చలికాలమున కొమ్మలు నరికి ఆకును ఎండబెట్టి ఒంటెలకు, మేకలకు, ఆవులకు మేతగా నిలువచేయుదురు. లేతకాయలను ఎండబెట్టి కూర వండుదురు. చెట్టు క్రింద సజ్జ బాగుగ పండునని అచ్చటి రైతు అనుభవమున నెరిగినవాడు. 1730లో జోధపురపు రాజోద్యోగులు ఖేజర్లీ గ్రామమున ఈ చెట్లను నరకింపబోగా అమృతాదేవి మొదలుకొని 363 మంది బిష్ణోయీలు చెట్లను కౌగిలించుకొని ప్రాణములు విడిచిరని ప్రసిద్ధి. మనము ఏటికొకసారి మ్రొక్కు చెట్టునకై వారు ప్రాణములిచ్చిరి.

అంత దూరము పోనక్కరలేదు. మన పొరుగున తమిళదేశమున కాంగేయము ప్రాంతమున కొరంగాడు అని పిలువబడు మేతభూములు గలవు. చుట్టును ముళ్లకంచె సజీవముగ పెరుగుచుండును. లోపల గడ్డి, దాని నడుమ తెల్లతుమ్మ చెట్లు. పశువులను ఒక దడినుండి మరియొక దడికి మార్చుచు మేపుదురు. గడ్డి యెండిన కాలమున తుమ్మకాయలు రాలి పశువులకు బలమైన మేతయగును. పేరెన్నికగన్న కాంగేయపు ఎడ్లు ఆ నేలలలో పెరిగినవే. మంచి జాతి పశువునకు మంచి మేతభూమియు, మంచి మేతభూమికి చెట్టును ఆధారములని దీనివలన తెలియుచున్నది.

ఇక ఆక్షేపణలకు వత్తము. మా గ్రామమున నొక వృద్ధ రైతుతో నేనీ మాటలు చెప్పగా ఆయన నవ్వి, "అయ్యవారూ, పుస్తకము మీది, చేను మాది. చెట్టు తిన్న తేమ పైరుకు తక్కువే గదా?" అనెను. ఆయన మాటలో సత్యము గలదు. చెట్టు నీడలోను, వేళ్ల చుట్టును పైరు కొంత తగ్గును; దానిని దాచుట న్యాయము గాదు. అయితే ఎంత తగ్గునో లెక్కవేసి చూతము. ఇది మన బడి బాలురు సయితము చేయదగిన లెక్కయే. ఎకరమునకు 4840 చదరపు గజములు. చేను చతురస్రమైనచో ఒక్కొక్క ప్రక్క సుమారు 70 గజములు. నాలుగు గట్లును కలిసి 280 గజములు. పది గజములకొక చెట్టు చొప్పున 28 చెట్లు. ఒక్కొక్క చెట్టు తన చుట్టును మూడు గజముల మేర పైరును బాధించుననుకొందము. అందులో సగము మన చేనిలో పడును: చెట్టుకు సుమారు 14 చదరపు గజములు. మొత్తము 396, అనగా ఎకరములో నూటికి 8 వంతులు. ఆ 8 వంతులలోను పంట పూర్తిగ పోదు, తగ్గును. కొమ్మలను వేళకు కత్తిరించిన నష్టము ఇంకను తగ్గును. దీనికి మారుగ 28 చెట్ల ఆకు, కట్టె, కాయ మనకు దక్కును. వేపగింజల కషాయము పురుగులపై చల్లుటకును, కానుగ ఆకు పచ్చిరొట్టగ పొలమున త్రొక్కించుటకును, వాని పిండి యెరువుగ వేయుటకును పనికివచ్చును. ఇది నష్టపు బేరమో లాభపు బేరమో తండ్రులు తమ పిల్లలచేతనే లెక్క వేయించి చూచుకొందురు గాక.

మిగిలిన సగము నీడ పొరుగువాని చేనిలో పడును. ఇదియే అసలు చిక్కు. గట్టు తగాదాలతో కోర్టులకెక్కిన కుటుంబముల నెరుగనివారెవ్వరు? కావున ఉభయుల గట్టుమీది చెట్టును ఉభయులును కలిసి పెంచవలెను. ఆకును, కట్టెను సగము సగము పంచుకొనవలెను. పొత్తు కుదరనిచోట చెట్టును గట్టునుండి రెండు గజములు లోపలికి జరుపవలెను. చెట్టు పేర మరియొక తగాదా పెంచుట నా యుద్దేశము గాదు.

రెండవ ఆక్షేపణ మేకలను గూర్చినది. మేక తల తగిలిన మొక్క బ్రతుకదందురు. నిజమే. కాని తప్పు మేకది గాదు, దానిని విచ్చలవిడిగ వదలినవానిది. తుమ్మకంపతో దడి కట్టినచో మూడేండ్లలో మొక్క మేకకందని యెత్తునకు పెరుగును. పిమ్మట కొమ్మను కోసి కొట్టమునకు తెచ్చి వేసినచో మేకయు బ్రతుకును, చెట్టును బ్రతుకును. గొర్రెలమందలను రాత్రులందు చేనిలో ఆపించి కాపరికి ధాన్యమో రొక్కమో ఇచ్చు ఆచారము మన పెద్దలది. అది ఎరువును మోయుకూలి లేకుండ చేనికి జేర్చు ఉపాయము. వేసవిలో మేత దొరకు గ్రామమునకే మంద వచ్చును. కొమ్మ లేని గ్రామమును కాపరి దాటిపోవును.

మూడవది కౌలు రైతు మాట. ఈ యేడు దున్ని మరుయేడు విడువవలసినవాడు చెట్టు నేల పెంచును? ఇది న్యాయమైన ప్రశ్న. భూస్వామియు కౌలుదారుడును వ్రాసికొను కాగితములోనే చెట్టుమాట చేర్చవలెను: ఆకును కాయయు కౌలుదారునివి, మ్రాను భూస్వామిది, కాపాడినందులకు కౌలులో తగ్గింపు. ఆ కాగితము లేనిచోట బీదవానికి ధర్మోపన్యాసము చేయుట వ్యర్థము. తన చెట్టును తాను నరికి అమ్ముకొనుటకు అనుమతిపత్రములకై తిరుగవలసివచ్చినవాడు గూడ చెట్టును పెంచుటకు జంకును. ఈ సంగతి గుర్తించియే 2014 ఫిబ్రవరిలో భారత ప్రభుత్వము ప్రకటించిన జాతీయ వ్యవసాయ అటవీ విధానమున, రైతు తన పొలమున పెంచిన చెట్లను నరకుటకును తరలించుటకును గల నిబంధనలను సులభము చేయవలెనని చెప్పబడినది. విధానము మంచిది, అది గ్రామపు రచ్చబండ వరకు వచ్చినపుడు గదా రైతునకు నమ్మకము.

ప్రతి చెట్టును మిత్రమే యని నేననను. జామాయిల్ త్వరగ పెరిగి సొమ్మిచ్చును గాని దాని ఆకును పశువు ముట్టదు. తోటగ వేసినచో పంటకును మందకును చోటుండదు. సీమతుమ్మ జమ్మికి దాయాదియేయైనను చెరువులను, బీళ్లను ఆక్రమించి గడ్డిని పెరుగనీయదు. సుబాబుల్ ఆకు మంచి మేతయే. కాని అందొక విషపదార్థము గలదు గావున మొత్తము మేతలో మూడవ వంతునకు మించి వేయరాదు. ఏ చెట్టు, ఎక్కడ, ఎంత యను విచారణ లేని చోట చెట్టు గూడ చేటే.

ఇక చెట్లను పెంచు తెరువు. ఆఫ్రికాఖండమున నైజర్ అను దేశము గలదు. సహారా యెడారి అంచున నున్నది. 1980 ప్రాంతమున అచ్చటి మరాదీ మండలమున టోనీ రినాడో అను ఆస్ట్రేలియా దేశస్థుడొకడు మిషను సేవకుడుగ నుండి మొక్కలు నాటించుచుండెను. నాటిన మొక్కలలో బహుభాగము ఎండకును ఇసుకగాలికిని చచ్చుచుండెను. 1983లో ఆయన దారిప్రక్క నొక పొదను చూచి ఆగెను. పరిశీలింపగా అది పొద గాదు. నరకబడిన చెట్టు మొద్దునుండి వచ్చిన చిగురు. నేలక్రింద వేళ్లు బ్రతికియే యున్నవి. రైతు ప్రతియేడును దానిని నరకుచున్నాడు. అంతట ఆయన రైతులకు చెప్పినది సులభమైన పని: మొద్దునుండి లేచిన చిగుళ్లలో బలమైనవి రెండు మూడు నిలిపి తక్కినవి కోయుడు, ప్రక్కకొమ్మలను సవరింపుడు, పశువునుండి కాపాడుడు. మొదట నవ్వినవారు పిదప అనుసరించిరి. చెట్లు తమవే యను నమ్మకము రైతులకు కలిగిన కొలది ఆ పని ఊరినుండి ఊరికి వ్యాపించెను. సుమారు 50 లక్షల హెక్టారుల పొలములలో నిట్లు చెట్లు మరల లేచినవని పరిశోధకులు అంచనా వేసిరి. ఆ పనికి 2018లో రినాడోకు రైట్ లైవ్లీహుడ్ బహుమానము లభించెను.

విద్యార్థులారా, 1950లో మున్షీగారు ప్రారంభించిన వనమహోత్సవము ఏటేట జరుగుచున్నది. గుంటలు త్రవ్వుదుము, మొక్కలు నాటుదుము, ఛాయాచిత్రము తీయించుకొందుము, మిఠాయి తిని యింటికి పోవుదుము. మరుయేడు అదే గుంటలో మరియొక మొక్క! నాటుట తప్పని నేననను. నాటి మరచుట తప్పు. మన చేలలో వేపమొద్దులు, జమ్మిమొద్దులు, కానుగమొద్దులు ప్రతి తొలకరికిని చిగిర్చుచున్నవి. వానికి గుంట త్రవ్వనక్కరలేదు, నీరు పోయనక్కరలేదు. గొడ్డలిని ఆపిన చాలును.

కావున నా మనవి యిది. సేద్యగాండ్ర బిడ్డలైన మీలో ప్రతియొక్కడును ఈ తొలకరిని తన తండ్రి చేనిలో నొక మొద్దును ఎన్నుకొనవలెను. చిగుళ్లలో మంచివి రెండు నిలుపుడు, కంప నాటుడు, అది యేమి చెట్టో, నెల నెలకు నెంత పెరిగెనో, ఏ పశువు దాని నాశించెనో ఒక చిన్న పుస్తకములో వ్రాసికొనుడు. వచ్చు సంవత్సరపు మన పత్రికలో ఆ వివరములు ప్రకటింపుడు. పొలము లేని బిడ్డలు బడి ఆవరణలోని మొక్కలను తీసికొనవచ్చును. బడిలో నొక్క మొక్కయైన క్రొత్తగ నాటుటకు ముందు పోయినయేడు నాటినవి యెన్ని బ్రతికినవో లెక్కించి గోడమీద వ్రాయవలెనని ఉపాధ్యాయులను గూడ వేడుచున్నాను.

తండ్రులారా, మీ కుమారుడు గొడ్డలికి అడ్డము వచ్చి "నాయనా, ఈ యొక్కదానిని విడువుము" అన్నచో కోపింపవలదు. మూడేండ్లు ఓర్చుడు. నాల్గవ వేసవిలో బీడులన్నియు ఎండి, గడ్డివామి అడుగంటి, కొట్టములో ఆవు మీ వంక చూచుచున్నపుడు ఆ చెట్టు క్రిందికి దోటి తీసికొని పొండు. ఆనాడు మీ కుమారుడు అడిగినది చెట్టు ప్రాణమా, మీ సేద్యపు ప్రాణమా యను సంగతి మీకే తెలియును.